గెలుపులో వాటాలా?

కప్పు గెలిచిన జట్టును శ్వేతసౌధానికి పిలిచి అభినందించడం అమెరికాలో ఏళ్లుగా వస్తున్న మర్యాద. ఓడిన జట్టు ఇంటికి వెళుతుంది. ఇందులో తికమకకు చోటెక్కడుందో మాకు బోధపడదు. 2023లో కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్‌ను డల్లాస్‌లో స్వయంగా చూసిన అప్పటి ప్రథమ మహిళ జిల్ బైడెన్‌కు మాత్రం మర్నాడే కొత్త ఆలోచన వచ్చింది. విజేత లూయిజియానా స్టేట్ యూనివర్సిటీతో పాటు ఓడిన అయోవానూ పిలవాలని అధ్యక్షుడైన భర్తకు చెబుతానన్నారు!

అయోవా బాగా ఆడింది, కాదనం. కెయిట్లిన్ క్లార్క్ ఒక్కతే 30 పాయింట్లు చేసింది. కానీ స్కోరు 102-85. మహిళల ఫైనల్లో అంతకుముందు ఏ జట్టూ వంద దాటలేదు. లూయిజియానా జట్టు బెంచి మీది నుంచి వచ్చిన జాస్మిన్ కార్సన్ మొదటి సగం ఆఖరి క్షణంలో విసిరిన బంతి బోర్డుకు తగిలి బుట్టలో పడేసరికే తేడా 17 పాయింట్లు. దీన్ని ఇద్దరికీ పంచవలసిన గెలుపుగా ఎవరు చూడగలరు?

జిల్ బైడెన్ ఆ మాట అన్న సోమవారం రాత్రే పురుషుల ఫైనల్లో శాన్ డియాగో స్టేట్ 76-59తో ఓడింది. పాపం, వాళ్లనూ పిలుద్దామన్న పెద్దమనిషి ఒక్కరూ లేరు. మగవాళ్లకు లేని ఆనవాయితీ ఆడపిల్లల దగ్గరే ఎందుకు మొదలుకావాలి? 2021లో ఇదే టోర్నీకి వచ్చిన అమ్మాయిలకు వ్యాయామానికని నిర్వాహకులు ఒక్క డంబెల్స్ స్టాండు చూపించారు. పురుషులకేమో హాలు నిండా పరికరాలు. అప్పుడు సమానత్వం గుర్తుకు రాలేదు. తీరా ఒక జట్టు కప్పు ఎత్తాక, ఆ గౌరవాన్ని పంచడానికి గుర్తొచ్చింది.

విజేత జట్టులో అత్యధికులు నల్లజాతి అమ్మాయిలు, ఓడిన జట్టులో తెల్లవారు. ప్రథమ మహిళ ఆ లెక్క వేసుకుని మాట్లాడారని మేము అనడం లేదు. చూసేవారు వేస్తారన్న ఎరుకైనా ఉండాలి కదా. విజేత జట్టు తార ఏంజెల్ రీస్ దీన్ని పరిహాసమని ఒక్క ముక్కలో కొట్టిపారేసింది. ఆమె కోపంలో మాకు తప్పేమీ కనిపించలేదు.

మహిళా క్రీడాకారులందరినీ మెచ్చుకోవడమే ఉద్దేశమని మంగళవారం జిల్ బైడెన్ ప్రతినిధి వివరణ ఇచ్చారు. మెచ్చుకోవడానికి ఒక ఉత్తరం చాలు. ఆ గౌరవం గెలిచిన జట్టుదేనని క్లార్క్ కూడా చెప్పేసింది. ఓడిన అమ్మాయి ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకా నీళ్లు నమలడం దేనికి? ఆహ్వానం ఒక్కటే రాయండి. చిరునామా లూయిజియానా స్టేట్ జట్టు ఊరైన బేటన్ రూజ్. రెండో పేరు ఇరికించడానికి ఆ కార్డు మీద చోటు వెతకకండి.