ఇసుక డ్రాగన్ గారికి ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీ విన్నపం

మహారాజశ్రీ ఇసుక డ్రాగన్ గారికి,
జైసల్మేర్ దాటాక ఎడమవైపు మూడో ఇసుకదిబ్బ, థార్ ఎడారి.

మణికొండలోని ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌కు సెక్రటరీ అయిన నేను నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ అక్కడ క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, మీరు అక్కడ లేరని నాకు తెలుసు. ఎక్కడా లేరు. మొన్న శుక్రవారం రాత్రి పదింటికి మా అమ్మాయి మిమ్మల్ని మా డైనింగ్ టేబుల్ మీద పుట్టించింది. ఐదో తరగతి సైన్సు ప్రాజెక్టు. ఎడారిలో బతకగలిగే కొత్త జంతువును ఊహించి బొమ్మ గీయాలి, దాని అనుకూలనాలు రాయాలి, మీ ప్రాంతంలోని ఒక జీవితో పోల్చాలి. సోమవారం పొద్దున ఇచ్చేయాలి. ఇలాంటివి మామూలుగా ఆదివారం రాత్రి షాపులు మూసేశాక గుర్తొస్తాయి. ఈసారి శుక్రవారమే గుర్తొచ్చిందంటే మీ జాతకం మంచిదే.

లేనివాళ్లకు ఉత్తరం రాయడమేమిటని మా ఆవిడ నవ్వుతోంది. నాకిది కొత్త కాదు. మెయింటెనెన్స్ కట్టమని మూడేళ్లుగా వాట్సాప్ గ్రూపులో రాస్తూనే ఉన్నాను.

ఇప్పుడే కిందికి వెళ్లి మోటార్ వేసి వచ్చి కూర్చున్నాను. పైన ట్యాంకు నిండేలోపు ముగిస్తాను.

ముందు మీ ఒంటి సంగతి. డ్రాగన్ అనగానే రెక్కలు, నోట్లోంచి మంట ఉంటాయనుకున్నాను. గ్యాస్ బండ ఖర్చు మిగులుతుందని కూడా లోపల్లోపల ఒక లెక్క వేసుకున్నాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "మంట ఊదాలంటే నోరు తెరవాలి కదా నాన్నా, నోరు తెరిస్తే తేమ పోతుంది" అంది. అందుకని మీరు జీవితంలో ఎక్కువ భాగం నోరు మూసుకునే ఉంటారు. అమెరికా ఎడారుల్లో కంగారూ ర్యాట్ అని ఒక ఎలుక ఉందట. దాని ముక్కు లోపలి భాగం వదిలే ఊపిరి కంటే చల్లగా ఉంటుంది, ఊపిరిలోని తేమ అక్కడే చెమ్మగా నిలిచి మళ్లీ ఒంట్లోకి చేరుతుంది. ఆ ముక్కు తెచ్చి మీకు పెట్టింది. నేను మా జనరల్ బాడీ మీటింగుల్ని తలుచుకున్నాను. రెండు గంటలు అందరి నోళ్లలోంచీ ఎంత తేమ పోతోందో!

మీ పొలుసులు ఆస్ట్రేలియా నుంచి వచ్చాయి. అక్కడ థోర్నీ డెవిల్ అనే ముళ్ల బల్లికి పొలుసుల మధ్య సన్నటి కాలువలుంటాయి. చిన్న నీటి మడుగులో కాలు పెడితే చాలు, నీళ్లు ఆ కాలువల వెంట పాక్కుంటూ నోటిదాకా వచ్చేస్తాయి. మోటార్ లేదు, కరెంటు లేదు, ఫేజ్ పోయిందని ఎలక్ట్రీషియన్ చుట్టూ తిరిగే పని లేదు. తెల్లవారుజామున తల కిందికి పెట్టి నిలబడే మీ అలవాటు ఆఫ్రికాలోని నమీబ్ ఎడారి పురుగుది. సముద్రం మీంచి వచ్చే పొగమంచు దాని వీపు మీద చుక్కలు కట్టి నోట్లోకి జారుతుంది. తోకలో కొవ్వు అమెరికా ఎడారి బల్లి గిలా మాన్‌స్టర్‌ది. ఒంట్లో ఎక్కువైన ఉప్పును ముక్కులోంచి తుమ్మేసే విద్య అక్కడిదే ఇంకో బల్లి, డెసర్ట్ ఇగ్వానాది. మూత్రం పేరుతో నీళ్లు పారబోయకుండా తెల్లటి ముద్దగా విసర్జించే పొదుపు మాత్రం మన గోడ మీద బల్లిదే. దానికి ఎడారి దాకా వెళ్లక్కర్లేదు, మా ట్యూబ్‌లైట్ వెనక రోజూ జరిగేదే. మొత్తానికి సెకండ్‌హ్యాండ్ స్కూటర్‌లాగా తలో షాపు నుంచి తలో పార్టు తెచ్చి బిగించింది. బండి మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

ఇంత పొదుపైన ఒళ్లు చూడగానే ఒక సెక్రటరీకి ఏం తోస్తుంది? మా 302 ఖాళీగా ఉంది.

మామూలుగా మేం బ్యాచిలర్లకు ఇవ్వం. మీ విషయంలో సడలించగలం. ఓనరు గారు శాకాహారులకే ఇస్తానంటారు. మీరు తేళ్లు, బొద్దింకలు తింటారని చార్టు మీద రాసి ఉంది. తేలు ఏ కోవలోకి వస్తుందో ఆయన్ని అడిగి చెబుతాను, బొద్దింకల విషయంలో మాత్రం అడ్వాన్సు తగ్గిస్తారనే నా నమ్మకం. పగలంతా బొరియలో పడుకుంటారు కాబట్టి పైవాళ్ల మిక్సీ, పక్కవాళ్ల డ్రిల్లింగు మిషను మీకు వినపడవు. దాహానికి ఏసీల నుంచి కారే నీళ్లు చాలు. అదీ మీ ముక్కు పనే, చల్లటి దాని మీద గాలిలోని తేమ చెమ్మగా చేరడం. కాకపోతే మేం దాన్ని పైపు పెట్టి కింది ఫ్లాటు కిటికీ మీదికి వదిలి, తర్వాత వాళ్లతో ఆర్నెల్లు మాట్లాడం.

అసలు సంగతి నీళ్ల బిల్లు. ట్యాంకర్ ఖర్చు మేం తలల లెక్కన పంచుతాం. నిరుడు ఎండాకాలం 201 వాళ్లింటికి అత్తగారొచ్చి నెల్లాళ్లున్నారు. ఆవిడను తలగా లెక్కెయ్యాలా వద్దా అని రెండు గంటలు మీటింగు పెట్టాం. ఆవిడ అక్కడే కుర్చీలో కూర్చుని మొత్తం విన్నారు. చివర్న "నేను రోజూ తలంటుకోను బాబూ, అర తల వేసుకోండి" అన్నారు. మినిట్స్ పుస్తకంలో అలాగే రాశాను. మీరొస్తే సున్నా తల. అలాంటి అద్దెదారు కోసం ఈ ఊళ్లో ప్రతి ఓనరూ వెయ్యి కళ్లతో చూస్తున్నాడు.

ఒక్క జాగ్రత్త చెబుతాను, ఏమనుకోకండి. మీ తోకలో కొవ్వు ఉన్న సంగతి బయట అనకండి. మీ ఎడారిలోనే ముల్లుతోక బల్లి ఉంది కదా, 1972 నాటి వన్యప్రాణి చట్టం కాపాడుతున్నా సరే, దాన్ని దొంగచాటుగా పట్టి, నూనె తీసి, అన్ని నొప్పులకూ ఒకటే మందని అమ్మేవాళ్లున్నారు. మా గ్రూపులో మోకాళ్ల నొప్పులవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. నిన్న సాయంత్రం నుంచి మీ మీద నాకు కోపమొచ్చింది.

పోల్చడానికి మా ప్రాంతపు జీవి కావాలి కదా. ఉడుమును తీసుకో, అదీ మీ డ్రాగన్ చుట్టమే అన్నాను. తీసుకోలేదు. నన్ను తీసుకుంది. చార్టులో సగం మీరు, సగం నేను. బనీను, లుంగీతో సహా. మీ పక్క పొలుసులు, ముక్కు, తోక గురించి బారెడు రాసి, నా పక్క రాసింది ఇది: "ఈ జీవికి ట్యాంకర్ అంకుల్ ఫోన్ నంబరు కంఠతా వచ్చు. నిద్రలో మోటార్ శబ్దం ఆగితే లేస్తుంది. ఇంకుడు గుంత మీద కారు పెడుతుంది. శరీరంలో మార్పులు ఏమీ లేవు."

నాలుగూ నిజమే. గుంత సంగతి చెబుతాను, మీకు చెబితే పరువేం పోదు. బిల్డరు పర్మిషన్ కోసం తవ్వించి, కంకర, ఇసుక పోయించి, ఫొటో తీయించుకుని వెళ్లాడు. తర్వాత పార్కింగు చాల్లేదు. దాని మీద టైల్స్ పరిచాం. పార్కింగు నంబరు 7. నాదే. టెర్రస్ మీంచి వచ్చే వాన పైపు నా కారు పక్కగా వెళ్లి సరాసరి రోడ్డు మీదికి పోస్తుంది. ఆ రోడ్డు మీద నీళ్లు నిలిస్తే ఫొటో తీసి ఫిర్యాదు పెట్టేదీ నేనే.

అంతటితో ఆగలేదు. చార్టు మూలన పెన్సిల్‌తో లెక్క వేసింది. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. మా టెర్రస్ 300 గజాలు, అంటే దాదాపు 250 చదరపు మీటర్లు. గుణిస్తే 2 లక్షల లీటర్లు. 10,000 లీటర్ల ట్యాంకర్లు 20. "నాన్నా, మన ఇంటి మీద ఏడాదికి 20 ట్యాంకర్లు ఫ్రీగా పడుతున్నాయి, నువ్వు ఫోన్ కూడా చేయక్కర్లేదు" అంది. అంతా పట్టలేం, కొంత ఆవిరవుతుంది, మొదటి వాన మురికి వదిలేయాలి అని ఏవేవో చెప్పాను. "సరే, 15 వేసుకో" అంది, 201 అత్తగారి గొంతుతో.

మీ జైసల్మేర్‌లో పడేది ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్లే. 2016 మేలో ఫలోది అనే ఊళ్లో 51 డిగ్రీలు కాసిన ఎడారి అది. అక్కడి పాతకాలపు ఇళ్లలో వాకిట్లోనే టాంకా అని నేలలో తొట్టి కట్టి, పడ్డ ప్రతి చుక్కనూ అందులోకి మళ్లించి, మూత పెట్టి దాచుకునేవాళ్లు. మా వాకిట్లో అంతకు నాలుగు రెట్లు పడుతుంది. మేం గొడుగు పట్టుకుని నిలబడి, ట్యాంకర్ ఇంకా రాలేదేమని రోడ్డు వైపు చూస్తాం.

బోర్లు లేవా అంటారేమో. మూడున్నాయి. మొదటిది బిల్డరు వేసింది, రెండోది నా ముందు సెక్రటరీ వేయించింది. మూడోదానికి ఒక పెద్దమనిషి అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పార్కింగంతా తిరిగాడు. కాయ నిటారుగా లేచిన చోట సున్నం గీశాడు. ఆ చోటు కరెక్టుగా 402 అంకుల్ కారు కింద వచ్చింది, నా కారు కింద రాలేదు, దానికి నేనేం చేసేది? మా ఊరి కింద ఉన్నది గ్రానైట్. బండ పగుళ్లలో ఉంటేనే నీళ్లు, పగులు తగలకపోతే బండే. వెయ్యి అడుగులు వెళ్లినా దుమ్మే లేచింది. బూడిదరంగు దుమ్ము నాలుగంతస్తులూ కమ్మేసి, ఆరేసిన బట్టల మీద, తులసికోట మీద, 402 అంకుల్ మీద అంగుళం మందాన పేరుకుంది. ఆ పూట మీరొచ్చుంటే సొంతూరు గుర్తొచ్చి కంటతడి పెట్టుకునేవారు. తేమ పోతుందని పెట్టుకోరేమో.

ఇదంతా చదివి మాది ఎడారి ఊరనుకునేరు. 1562లో హుస్సేన్ సాగర్ తవ్వుకున్న ప్రాంతం ఇది, చార్మినార్ కంటే ముందే చెరువు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని మింగింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణం చేసి ఈ ఊరికొస్తున్నాయి. ఊళ్లో ఉన్న చెరువులు మాత్రం బస్సు కండక్టర్ల నోళ్లలో మిగిలాయి. మాసాబ్ ట్యాంక్ అని దిగి చూస్తే ట్యాంకు ఉండదు.

2020 అక్టోబరు వానలప్పుడు మా సెల్లార్లో నడుంలోతు నీళ్లు. మురికి సంపులోకి దిగిందని ఉన్న నీళ్లు కూడా తోడి పారబోశాం. అద్దెకు తెచ్చిన డీజిల్ మోటార్ ఒక పక్క నీళ్లను బయటికి కక్కుతుంటే, రెండో పక్క ట్యాంకర్ పైపు నీళ్లను లోపలికి పోస్తోంది. వాచ్‌మన్ రెండిటి మధ్యా నిలబడి "సార్, ఇటుది అటు, అటుది ఇటు పెడితే అయిపోవు గదా" అన్నాడు. తెలివితక్కువ మాట అని విసుక్కున్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ జీర్ణం కాలేదు.

కాబట్టి డ్రాగన్ గారూ, 302 విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. దయచేసి రాకండి. మీరొచ్చిన వారంలో ఓనర్లంతా మీ ఫొటో లిఫ్టులో అతికించి, "ఈయన ఉండట్లేదా, మీకేం రోగం?" అని అద్దెదార్ల నీళ్లు కట్టేస్తారు. ఏదో ఒక వెంచర్‌వాళ్లు లేక్ వ్యూ అని పేరు పెట్టి, చెరువు బదులు మిమ్మల్ని చూపించి చదరపు అడుగుకు ఇంకో వెయ్యి కలుపుతారు. ఇన్ని యుగాలు కష్టపడి (అంటే శుక్రవారం నుంచి) మీరు సంపాదించిన పొలుసులు మా సోమరితనానికి పనికొస్తాయి. మీ కాలువలు మీ ఒంటి మీదే ఉండనివ్వండి.

ఇట్లు,
మీ పక్క గళ్లో ఉన్న బనీను జీవి.

తా.క.: సంతకం పెడుతుండగా బాల్కనీలో జలపాతం చప్పుడైంది. కింది నుంచి వాచ్‌మన్ "సార్, ట్యాంక్ పొర్లుతుంది!" అని ఎప్పట్నుంచి అరుస్తున్నాడో తెలియదు. నిన్న రాత్రి డబ్బులిచ్చి పోయించిన ట్యాంకర్ నీళ్లు టెర్రస్ అంచు మీంచి ధారగా పడుతున్నాయి. సరిగ్గా బాల్కనీలో ఆరబెట్టిన మీ చార్టు మీద. నేను మోటార్ ఆపి, రొప్పుతూ పైకొచ్చేసరికి నా సగం చార్టు ముద్దయిపోయింది, బనీను ఎక్కడుందో లుంగీ ఎక్కడుందో తెలియడం లేదు. అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. మీ సగం మీద వంగి చూస్తోంది. "నాన్నా, చూడు చూడు, పొలుసుల మధ్య స్కెచ్ పెన్ను రంగు కారుకుంటూ నోటిదాకా వచ్చింది, పనిచేస్తోంది!" అంది.

ట్యాంకు పొర్లిస్తే 500 జరిమానా అని నిరుడు రూలు పెట్టింది నేనే. రసీదు పుస్తకం నా దగ్గరే ఉంది. ఇంకా రాయలేదు.