వర్గ సమీకరణానికి వరస కుదిరింది

లెక్కల భయానికి మందు దొరికింది. ఒక పండగ పాట తీసుకోవాలి, మాటలు పీకేసి ఆ వరసలో ఫార్ములా కూర్చాలి, క్లాసంతా చప్పట్లు కొడుతూ పాడాలి. అంతే. తరతరాల పిల్లల్ని ఏడిపించిన వర్గ సమీకరణం, అదే ఎక్స్ స్క్వేర్ ఉండే లెక్క, కాళ్లకు గజ్జెలు కట్టుకుని వచ్చేస్తుంది. ఈ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా బలపరుస్తున్నాను. కొందరు చిల్లర అభ్యంతరాలు లేవదీస్తున్నారు కనుక వాటికి జవాబు చెప్పక తప్పదు.

పాటలో గణితం ఎక్కడుంది అంటారు. 1857లో అచ్చయిన జింగిల్ బెల్స్‌లో క్రిస్మస్ అన్న మాటే లేదు. మంచూ, గుర్రబ్బండీ, నవ్వులూ ఉన్నాయి. అయినా లోకమంతా దాన్ని క్రిస్మస్ పాటగానే పాడుకుంటోంది. క్రిస్మస్ లేకుండా క్రిస్మస్ పాట ఉండగా లేనిది, గణితం లేకుండా గణిత పాఠం ఉండకూడదా?

ఇందులో కొత్తేముంది, మన పాతకాలపు గణితవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే ఈ ఫార్ములాను శ్లోకంలో చెప్పాడు కదా అని ఇంకొందరి గొణుగుడు. చెప్పాడు, నిజమే. కానీ ఆయన శ్లోకం పని చెబుతుంది: నాలుగింతలు చెయ్యి, మధ్య సంఖ్య వర్గం కలుపు, మూలం తియ్యి, మధ్య సంఖ్య తీసెయ్యి, మిగిలినదాన్ని భాగించు. విన్నవాడు పలక అందుకోవాల్సిందే. మన పాటకు ఆ బాదరబందీ లేదు. పాడి కూర్చోవచ్చు.

అసలు చిక్కల్లా ఊపిరితోనే. ‘ఎక్స్ ఈజీక్వల్టు మైనస్ బీ, ప్లస్సార్ మైనస్ రూట్ బీ స్క్వేర్’ అనేసరికి పిల్లాడికి దమ్ము అయిపోతుంది. అక్కడ ఊపిరి తీసుకుంటాడు. ఊపిరి ఆగినచోటే రూటూ ఆగుతుంది. ‘మైనస్ ఫోర్ ఏసీ’ బయట పడుతుంది. చివర్న వచ్చే ‘బై టూ ఏ’ ఆ ఒక్క ముక్క కిందే చేరుతుంది. బోర్డు మీదైతే మొత్తానికీ కింద పొడుగాటి గీత కనిపిస్తుంది. వరసకు గీతలుండవు. ఎక్స్ స్క్వేర్ మైనస్ 5 ఎక్స్ ప్లస్ 6 ఈజీక్వల్టు సున్నా అని ఇచ్చి చూడండి: ఏ 1, బీ మైనస్ 5, సీ 6. రావాల్సినవి 3, 2. మనవాడికి వచ్చేవి మైనస్ 2, మైనస్ 12. శ్రుతి మాత్రం ఎక్కడా తప్పలేదు. రూట్ గుర్తు కింద ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టాలని నిబంధన పెడితే ఇదీ తీరిపోతుంది.

వృత్తానికి ఆ బెడద కూడా లేదు. ‘టూ పై ఆర్’, ‘పై ఆర్ స్క్వేర్’: రెండూ మూడేసి దెబ్బలే. దాని బదులు ఇది పాడినా తాళం నొచ్చుకోదు. చుట్టుకొలత అడిగితే వైశాల్యం పాడొచ్చు. వైశాల్యం చదరపు యూనిట్లలో వస్తుంది, అందుకే అక్కడ ఆర్ రెండుసార్లు గుణించాలి అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చనుకోండి. కానీ ఆ ముక్కకు ప్రాస కుదరడం లేదు.

పాట గుర్తుండదని మాత్రం ఎవరూ అనలేరు. ముసలితనంలో మనవల పేర్లు మరిచిపోయినా ఇది మరిచిపోరు. కాకపోతే మధ్యలో ఒక ముక్క కావాలన్నా పల్లవి నుంచి ఎత్తుకోవాలి. కాబట్టి పరీక్ష హాల్లో కూనిరాగాలకు అనుమతివ్వాలి. ఇన్విజిలేటర్ హార్మోనియంతో రావాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి ప్రశ్న పక్కనా ‘దీనికి ఫలానా పాట’ అని అచ్చు వెయ్యాలి. ఏ లెక్కకు ఏ ఫార్ములా అన్నది పాటలో ఉండదు కదా, పాపం పిల్లలకెలా తెలుస్తుంది?

ఇంతలో ఒక ప్రమాదం. 1780 నాటికే ఇంగ్లీషులో అచ్చయిన పాటొకటుంది, క్రిస్మస్ పన్నెండు రోజుల కానుకల పాట. మొదటి రోజు ఒక కానుక, రెండో రోజు రెండూ ఒకటీ, మూడో రోజు మూడూ రెండూ ఒకటీ, అలా పన్నెండు రోజులు. దీని వరసలోకీ ఏదో ఫార్ములా ఎక్కిస్తున్నాం. వెనక బెంచీ పిల్ల ఒకతె పాడటం మానేసి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలెట్టిందనుకోండి. కానుకలు మొత్తం 364 అని తేలుతుంది. పన్నెండు బదులు ఎన్ రోజులైతే ఎన్ని అని కూడా అడుగుతుంది. ఇలాంటి పిల్లల్ని వెంటనే కోరస్ నుంచి తప్పించాలి, మిగతావాళ్ల తాళం చెడుతుంది.

ఆ పిల్ల నోట్సులో రాసుకున్నది మాత్రం పనికొచ్చేలా ఉంది: ఎన్ ఇంటు ఎన్ ప్లస్ వన్ ఇంటు ఎన్ ప్లస్ టూ, బై సిక్స్. దానికి వరస కట్టిస్తున్నాం.