ముద్దాయి హార్డ్ డిస్క్, సాక్షి 199

తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాడికి రెండు బాధ్యతలు. కొండకొచ్చిన ప్రతి బంధువుకూ పక్క వేయడం ఒకటి, దర్శనం టికెట్లు ఇప్పించలేదని వాళ్లు అలిగితే తలవంచుకుని వినడం రెండోది. ఈమధ్య నాకు మూడోది తోడైంది. చుట్టాల గదిలో పెట్టిన నా కొత్త కంప్యూటర్ నత్తలా ఎందుకు నడుస్తోందో వచ్చినవాళ్లందరికీ సంజాయిషీ ఇచ్చుకోవాలి.

దాన్ని నేనే బిగించాను. 60,000 రూపాయలు పెట్టాను. ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, పక్కన గాజు తలుపున్న క్యాబినెట్, లోపల బ్రహ్మోత్సవాలప్పటి మా ఊరిలా వెలిగిపోయే రంగుల ఫ్యాన్లు మూడు. ఇంత ఖర్చు పెట్టినవాడు ఎక్కడో ఒకచోట చెయ్యి బిగపట్టాలి కదా. తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లోనే సరుకు దాచే వేగమైన ఎస్ఎస్‌డీ దండగనుకుని 1 టీబీ హార్డ్ డిస్క్ మీదే విండోస్ వేశాను. పొదుపు ఎప్పుడూ పని చేసేవాడి దగ్గరే మొదలుపెట్టడం మన ఆఫీసులన్నిటా ఉన్న పద్ధతే, నేనేమీ కొత్తగా కనిపెట్టలేదు.

అనంతపురం నుంచి వచ్చిన మా బావ ఒక తెల్లవారుజామున అలిపిరి దారిన నడిచి కొండెక్కడానికి బయల్దేరాడు. సరిగ్గా అప్పుడే నేను కంప్యూటర్ ఆన్ చేశాను. ఆయన గాలిగోపురం చేరి ఫొటో పంపేసరికి నా తెర మీద ఐకాన్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఇందులో కొంచెం అతిశయోక్తి ఉంది. ఐకాన్లు అప్పటికింకా రాలేదు.

విచారణ మొదలైంది. పెద్దమ్మ దిష్టి అని తేల్చి, గాజు తలుపుకి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టింది. బావ వాస్తు దోషమన్నాడు. కరెంటుతో నడిచేది ఆగ్నేయంలో ఉండాలట. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న మేనల్లుడికి ఒకటే మంత్రం వచ్చు: "ఫార్మాట్ కొట్టేయ్ మామా." నాలుగుసార్లు కొట్టాను. డిస్క్ అమ్మిన కొట్టాయన మాత్రం నొచ్చుకున్నాడు. "ఏంది సామీ అట్లంటావు, అది బంగారం లాంటి పీసు. కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా." చిత్తూరోళ్లతో ఈ మాటంటే ఇక వాదన ఉండదు. వినాయకుడి ముందు అబద్ధమాడే ధైర్యం మా వైపు ఎవరికీ లేదు. ఆ మాటతో మిగిలిన ముద్దాయి ఎవరో కూడా తేలిపోయింది, నేనే.

డిస్క్ తరఫున కూడా నాలుగు మాటలు చెప్పాలి. లోపల పళ్లెం నిమిషానికి 7,200 సార్లు, అంటే సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు హెడ్ కిందికి, అంటే పళ్లెం మీది రాత చదివే ముల్లు కిందికి, రావడానికి సగటున అర చుట్టు, సుమారు 4 మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్ అటూ ఇటూ జరగడానికి ఇంకో 8, 9. ఎంత పరుగెత్తినా సెకనుకు సుమారు 80 చోట్లకు మించి వెళ్లడం కష్టం. విండోస్ లేచీ లేవకముందే వేల చిన్న ఫైళ్లు మూలమూలల నుంచి తెమ్మంటుంది. రికార్డు గదిలో ఒకే ఒక్క గుమాస్తా, బయట పది కిటికీల్లోంచి కేకలు. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్క్ 50 లక్షల అక్షరాలు పట్టుకుని నిమిషానికి 1,200 చుట్లు తిరిగేది. ఇప్పుడు సరుకు 2 లక్షల రెట్లు పెరిగింది, తిరగడం ఆరు రెట్లే. పాపం, దాన్ని తిట్టడానికి నోరు రాదు.

కానీ నా అనుమానం వేరే. ఒకే పెద్ద సినిమా ఫైల్ కాపీ చేస్తే గుమాస్తా అటూ ఇటూ తిరగక్కర్లేదు. సెకనుకు 150 ఎంబీ రావాలి. నాకు 3 వస్తోంది. ఎవరెంత పని చేస్తున్నారో చూపించే విండోస్ టాస్క్ మేనేజర్‌లో మాత్రం డిస్క్ 100 శాతం బిజీ. ఇదేదో దాని స్వభావం కాదు, జబ్బు.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేశాను. డిస్క్ తన రోగాల చిట్టా తనే రాసుకుంటుందని అప్పుడు తెలిసింది. చెడి పక్కకు మార్చిన చోట్లు సున్నా, అనుమానంగా ఉన్నవి సున్నా. కంప్యూటర్ల పదహారేసి లెక్కలో సీ7 అనే వరుసలో, అంటే మామూలు లెక్కలో 199వ దాంట్లో, 1,846. డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో సమాచారం ఎన్నిసార్లు పాడయిందో ఆ లెక్క. పాడయిన ప్రతి మూటా మళ్లీ పంపాలి. ఆపైన దారి బాగాలేదని బోర్డు వేగమే తగ్గించేస్తుంది. అన్నం తిని వచ్చి చూస్తే 1,911. కొట్టాయన కాణిపాకం దాకా రానక్కర్లేదు, డిస్క్ నిజంగానే బంగారం.

దారి అంటే సాటా కేబుల్. అది నా పాత కంప్యూటర్ నుంచి ఊడదీసింది. ఎర్రది, క్లిప్పు ఊడిపోయింది. రంగుల లైట్లకు అడ్డం రాకూడదని వెనక్కి మడిచి రబ్బరు బ్యాండు వేశాను. మదర్‌బోర్డు డబ్బాలో కొత్తవి రెండు వచ్చాయి కదా అని మీరడగొచ్చు. వచ్చాయి. కవరు విప్పకుండా బీరువాలో దాచాను. కొత్తవి ఎవరైనా వాడతారా?

సాయంత్రం చుట్టాల కోసం బీరువాలోంచి కొత్త దుప్పట్లు తీస్తూ మా ఆవిడ ఆ డబ్బా నా చేతిలో పెట్టింది. "నేను దుప్పట్లు దాస్తే నవ్వుతారు కదా. చుట్టాలొచ్చారు, మీదీ బయటికి తీయండి."

కరెంటు తీసి, పాతది లాగి, కొత్తది నొక్కాను. క్లిప్పు టిక్కుమంది. ఇప్పుడు ఒకటిన్నర నిమిషంలో తెర వస్తోంది. సినిమా ఫైల్ 150 దగ్గర పరుగెడుతోంది. 199 లెక్క 1,911 దగ్గర ఆగింది. అది తగ్గదు, పోలీస్ స్టేషన్ రికార్డులాగా.

పెద్దమ్మ ఊరికి వెళ్తూ నిమ్మకాయ మార్చి, అమావాస్యకు మళ్లీ మార్చమంది. తలుపు విప్పేటప్పుడు క్యాబినెట్ కొంచెం ఆగ్నేయానికి తిరిగిందని బావ పదిమందికీ ఫోన్లు చేసి చెప్పాడు. రెండో కొత్త కేబుల్‌ను కవర్లోనే మళ్లీ బీరువాలో పెట్టాను. పాత ఎర్రది సొరుగులో ఉంది. ఎప్పుడైనా పనికొస్తుంది.