ఆ గదిలో అన్నీ శుభశకునాలే

హాట్ యోగా మీద ఈ మధ్య ఎకసెక్కాలు ఎక్కువయ్యాయి. తలుపులు బిగించుకుని, గది వేడెక్కించుకుని, అందులో ఒంటికాలి మీద నిలబడటం ఏమిటని కొందరు అడుగుతున్నారు. అడిగేవాళ్ళంతా బయట చల్లగా కూర్చున్నవాళ్ళే కాబట్టి వారి మాటకు విలువ లేదు. లోపలున్నవాళ్ళకు అడిగేంత ఊపిరి ఉండదు. ఆ కారణంగా, తరగతి నడుస్తుండగా లోపలి నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను.

ముందు వసతుల సంగతి. సంప్రదాయం ప్రకారం గది వేడి 105 డిగ్రీల ఫారెన్‌హీట్. సెంటిగ్రేడులో 40కి కాస్త పైన. గాలిలో తేమ 40 శాతం. వ్యవధి 90 నిమిషాలు. ఆసనాలు 26, మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి శ్వాస వ్యాయామాలు. ఇదే 105 థర్మామీటర్‌లో కనిపిస్తే ఇంట్లోవాళ్ళు ఆస్పత్రికి మోసుకుపోతారు. గోడ మీద కనిపిస్తే మనమే చందా కట్టి వెళతాం.

సంప్రదాయం అన్నాను గదా, దాని వయసూ చెప్పాలి. కోల్‌కతాలో పుట్టి 1970లలో అమెరికాలో స్థిరపడిన బిక్రమ్ చౌధురి దీన్ని ప్రపంచానికి అమ్మారు. ఆసనాలు పాతవే, వరుస మాత్రం తనదని, కాపీరైట్ కూడా తనదేనని కోర్టుకెక్కారు. అది ఆరోగ్యం కోసం చేసే ఒక పద్ధతి, పద్ధతులకు కాపీరైట్ ఉండదని 2015లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. ఆ తర్వాతి ఏడాది, లైంగిక వేధింపులు ఎదుర్కొన్నానని, వాటి గురించి నోరు విప్పినందుకు ఉద్యోగం పోయిందని ఆయన దగ్గర పనిచేసిన న్యాయవాది వేసిన కేసులో లాస్ ఏంజెలెస్ జ్యూరీ లక్షల డాలర్ల పరిహారం చెల్లించమంది. 2017లో అరెస్టు వారెంటు వచ్చేనాటికి ఆయన దేశంలో లేరు. చాలా స్టూడియోలు బోర్డు మీద ఆయన పేరు తుడిచేసి ‘హాట్’ అని రాయించుకున్నాయి. గురువు వెళ్ళిపోయినా హీటర్ మిగిలింది.

ఇక అసలు విషయం. ఈ విద్యలో గొప్పతనమంతా శకునశాస్త్రంలో ఉంది. బయటి లోకంలో ఒంటికి ఏదైనా తేడా చేస్తే దాన్ని లక్షణం అంటారు. ఆ గదిలో అదే పురోగతి.

గుండె దడదడలాడుతోందా? మంచిది. వేడిని బయటికి పంపడానికి చర్మం కింద రక్తనాళాలు విప్పారతాయి, రక్తం అటు మళ్ళుతుంది, లోపలివాటికి చాలక గుండె వేగం పెంచుతుంది. ఆసనం వేసినా వేయకపోయినా ఆ వేడిలో అది చేసే పనే ఇది. అయినా ఘనత ఆసనానికే రాస్తాం. ముందుకు వంగి లేవగానే కళ్ళు బైర్లు కమ్మాయా? ఇంకా మంచిది. రక్తపోటు పడిపోయి మెదడుకు అందాల్సినంత రక్తం క్షణంపాటు అందలేదని వైద్యులు అంటారు. శక్తి పైకి ఎక్కుతోందని పక్క మ్యాట్ వారు అంటారు. పక్కవారు మనకంటే పాతకాపు, వైద్యుడు అక్కడ లేడు. మాట ఎవరిది చెల్లుతుందో వేరే చెప్పాలా?

చెమట గురించి ఎంత చెప్పినా తక్కువే. అది నుదుటి మీంచి కనుబొమల్లోకి, అక్కణ్ణుంచి కంట్లోకి దిగుతుంది. తుడుచుకోవడం చాంచల్యం. పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని కాలు ముందుకు చాచమంటారు. పాదం చేతుల్లోంచి చేపలా జారిపోతుంది. ఒకవేళ పట్టు దొరికినా, కారేది మన చెమటో పక్కవారిదో తేల్చుకునే వీలు లేదు. ఇంత చెమటా ఎందుకయ్యా అంటే, ఒంట్లో విషాలు పోతున్నాయట. చెమటలో ఉండేది దాదాపుగా నీరు, కాస్త ఉప్పు. విషాల సంగతి కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి. పుట్టినప్పటి నుంచీ సెలవు లేకుండా చూసుకుంటూనే ఉన్నాయి. నోరు తెరిచి చందా అడగలేదు కాబట్టి వాటికి పేరు రాలేదు. ఇంకో చిక్కుంది. ఒళ్ళు చల్లబడేది చెమట ఆవిరైనప్పుడే. తేమ పట్టిన గదిలో ఆవిరయ్యేది తక్కువ, నేల మీదికి కారేది ఎక్కువ. కారిన చెమట ఒంటిని చల్లబరచదు, మనసును మాత్రం తృప్తిపరుస్తుంది. టవల్ పిండినప్పుడు ధారకట్టిన నీళ్ళను చూస్తే కలిగే గర్వం ఏ పరీక్ష పాసైనా కలగదు.

బయటికొచ్చి బరువు చూసుకుంటే ముల్లు కిందికి దిగి ఉంటుంది. నీళ్ళు తాగగానే మళ్ళీ ఎక్కుతుంది. కాబట్టి పట్టుదల ఉన్నవాళ్ళు ముందు బరువు చూసుకుంటారు, తర్వాత నీళ్ళు తాగుతారు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీవారు 2014లో లెక్క తీస్తే 90 నిమిషాలకు ఖర్చయినవి మగవారికి సగటున 460 కేలరీలు, ఆడవారికి 330. చురుగ్గా నడిచినా ఇంచుమించు అంతే. నడకలో ఇంత చెమట పట్టదు కనుక అది వ్యాయామం కిందికి రాదు.

పవనముక్తాసనంలో జరిగేది జరుగుతుంది. మూసిన గది. ఇంతకు మించి వివరాల్లోకి వెళ్ళను.

మనోభావాల దగ్గరికొస్తే, మొదట వచ్చేది కోపం. హాయిగా నిలబడి సూచనలిస్తున్న గురువుగారి మీద కోపం. చెమట కూడా అందంగా పట్టిన ముందు వరుసవారి మీద కోపం. నాలుగు గోడల్లో కనీసం ఒక్కదానికైనా అద్దం లేకుండా చేయలేదే అని అద్దాల మీద కోపం. ఆ తర్వాత బేరసారాలు: ఈ ఒక్క ఆసనం అయిపోతే రేపటి నుంచి రానే రాను, దేవుడా. ఆ పైన దుఃఖం. దీనికి ఉష్ట్రాసనం ప్రసిద్ధి. మోకాళ్ళ మీద నిలబడి వెనక్కి విల్లులా వంగి, తల వేలాడేస్తే కొందరికి వాంతి వచ్చినట్టుంటుంది, కొందరికి కారణం లేకుండా ఏడుపొస్తుంది. ఏడుపొచ్చిందా, పాత బాధ వదిలింది. రాలేదా, బాధ ఇంకా లోతున ఉంది, వస్తూ ఉండండి. ఏ జవాబు చెప్పినా ఓడిపోని ప్రశ్న ఇది. ఇంతటి వెసులుబాటు జ్యోతిషానికి కూడా లేదు.

నవ్వేవాళ్ళ నోళ్ళు మూయించే సాక్ష్యం కూడా ఒకటుంది. కుంగుబాటు ఉన్నవారిపై మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు చేసి 2023లో ప్రచురించిన పరీక్షలో, 8 వారాల వేడి యోగా చేసినవారికి, చేయకుండా వేచి ఉన్నవారికంటే లక్షణాలు బాగా తగ్గాయి. మేలు చేసింది వేడా, యోగానా, నలుగురితో కలిసి చేయడమా అన్నది మాత్రం ఆ పోలిక చెప్పలేదు. టెక్సస్ స్టేట్ యూనివర్సిటీవారు 2018లో ప్రచురించిన పని ఇంకా చికాకైనది. అవే 26 ఆసనాలు ఒక బృందం వేడి గదిలో, ఇంకో బృందం మామూలు గదిలో చేస్తే రక్తనాళాల పనితీరు ఇద్దరికీ మెరుగైంది. వేడికి ప్రత్యేకమైన మార్కులేమీ రాలేదు. ఇలాంటి పరిశోధనలను వేడి గదిలో చదివితే కాగితం తడిసి అక్షరాలు చెరిగిపోతాయి, అదొక్కటే ఊరట.

ఒక్క నిమిషం ఈ భక్తిని పక్కన పెడతాను. తలనొప్పి, వికారం, కాళ్ళు తేలిపోవడం, మాట తడబడటం మొదలైతే అవి శకునాలు కావు, వడదెబ్బ పంపిన దూతలు. లేచి బయటికి నడవండి, ఎవరేమనుకున్నా సరే. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు, బీపీకి మందులు వాడేవారు ముందే డాక్టరును అడగాలి. వేడికి కండరాలు సాగుతున్నట్టు అనిపించినంత మాత్రాన కీళ్ళు కూడా ఒప్పుకున్నట్టు కాదు. ఆ సంగతి మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. సరే, మళ్ళీ భక్తిలోకి వెళదాం.

శవాసనం. మిగతా ఆసనాలకు సాధన కావాలి, దీనికి ఆ గదిలో నటన కూడా అక్కర్లేదు. ఆపైన తలుపు తెరుచుకుంటుంది. బయటి గాలి తడిసిన ఒంటిని తాకగానే, ఇంతసేపూ ఆవిరవ్వని చెమట ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఒళ్ళు తేలికైపోతుంది. లోకం మీద ప్రేమ పుడుతుంది. ఇందాక తిట్టుకున్న గురువుగారికి చేతులెత్తి నమస్కరిస్తాం, బేరం పెట్టిన దేవుణ్ణి మరిచిపోయి రేపటి తరగతికి పేరు రాయించుకుంటాం. ఈ ఆనందమంతా 26 ఆసనాల ఖాతాలో జమ అవుతోంది. కాస్త న్యాయంగా ఆలోచిస్తే ఇది తలుపుకు చెందాలి. కనుక ద్వారోద్ఘాటనాసనాన్ని 27వ ఆసనంగా గుర్తించాలని, వీలైతే దాన్నే మొట్టమొదట చేయించాలని ప్రతిపాదిస్తున్నాను. హక్కులు నా పేర రాయించుకుందామనుకున్నాను గానీ, అమెరికా కోర్టు ముందే అడ్డుపుల్ల వేసింది.