జాంబీల తరఫున ఒక మాట
జాంబీకి, అంటే చచ్చి లేచి తిరిగే శవానికి, తిండి తప్ప వేరే ధ్యాస ఉండదు, అందుకే తెరమీద ఎన్నింటిని కాల్చినా చూసేవాడికి పాపం అనిపించదు అని జాంబీ సినిమాల మీద నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఇది నాకు మింగుడుపడలేదు. అసలు జాంబీ పుట్టిల్లయిన హైతీ అనే కరీబియన్ దేశపు కథల్లో జాంబీ ఎవరినీ కొరకడు. బోకోర్ అనే మంత్రగాడు చచ్చినవాణ్ణి సమాధిలోంచి లేపి, చెరకు తోటలో కూలి ఇవ్వకుండా చాకిరీ చేయిస్తాడు. పెట్టేది ఉప్పులేని కూడు. నాలుక్కి ఉప్పు తగిలిందా, వాడికి తెలివొచ్చి నేరుగా సమాధికే వెళ్ళిపోతాడు. అక్కడి జనం భయమంతా జాంబీ వచ్చి పడతాడని కాదు, చచ్చాక తమనీ జాంబీ చేస్తారేమోనని. పోయాక కూడా సెలవు దొరకని అలాంటి కూలీని మనుషుల్ని పీక్కుతినే రకంగా మార్చింది సినిమావాళ్ళే. 1968లో జార్జ్ రొమెరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'తో ఈ మచ్చ గట్టిగా అంటుకుంది. అందులోనూ చూడండి, రాత్రంతా వాటి నుంచి ప్రాణం కాపాడుకున్న హీరోని తెల్లారాక కాల్చి చంపేది మనుషులే! కేసు మాత్రం జాంబీల మీద. మెదళ్ళు తింటాయన్న నింద ఇంకా కొత్తది, 1985లో వచ్చిన వేరే సినిమా పుణ్యం. గుంపుగా నడుస్తాయి గానీ ఒకదాన్నొకటి కరుచుకోవు, కులం అడగవు, హారన్ కొట్టవు. మనవాళ్ళు 2021లో 'జాంబీ రెడ్డి' అని వాటిని రాయలసీమకు తెచ్చినా, పాపం కొరికే డ్యూటీయే వేశారు. బకాయి కూలి అడిగే జాంబీతో ఎవరైనా సినిమా తీస్తే మొదటి రోజు మొదటి ఆట టికెట్ నాదే.