సర్దుకుపోలేదు, పాతది తిరిగి తెప్పించుకున్నారు
కొత్త మార్పు ఏదొచ్చినా ఫ్యాన్స్ నాలుగు రోజులు గోల చేసి తర్వాత వాళ్లే సర్దుకుపోతారని ఒక పోస్టులో రాశారు గానీ, రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్ విషయంలో అలా జరగలేదు. 2012 నవంబరులో ఆ గేమ్ తయారుచేసే జాగెక్స్ కంపెనీ వాళ్లు అందులో ఫైటింగ్ పద్ధతి మొత్తం మార్చేశారు. అంతకుముందు ఒక్క క్లిక్ కొడితే చాలు, గేమ్‌లోని మనవాడు శత్రువుని కొడుతూనే ఉంటాడు. ప్రాణం తగ్గితే బ్యాగులోంచి ఓ లాబ్‌స్టర్ తినిపించడం, అంతే. ఇంజనీరింగ్ రోజుల్లో నెట్ సెంటర్లో నేను ఆడింది ఆ పాతదే. బ్రౌజర్లోనే నడిచేది, ఇన్‌స్టాల్ చేయమని ఓనర్ని బతిమాలే పని లేదు. ఒక కిటికీలో పీతల్ని కొడుతుంటే ఇంకో కిటికీలో ల్యాబ్ రికార్డు నడిచేది (మార్కులు ఎలా వచ్చాయో అడక్కండి). కొత్త పద్ధతిలో కింద వరసగా బటన్లు, ఏది ఎప్పుడు నొక్కాలో కళ్లప్పగించి చూడాలి. అది చెడ్డ గేమ్ అనను, కానీ వేరే గేమ్. జనం వెళ్లిపోతుంటే పాతది మళ్లీ కావాలా అని కంపెనీయే ఓటింగ్ పెట్టింది, లక్షల్లో ఓట్లు పడ్డాయి. 2007 ఆగస్టు నాటి బ్యాకప్ దులిపి 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ పేరుతో విడిగా వదిలారు. అలాగని ఆ ఫ్యాన్స్ మార్పుకే వ్యతిరేకమనుకుంటే పొరపాటు. ఆ బ్యాకప్‌లో లేని గ్రాండ్ ఎక్స్ఛేంజిని (ఆటగాళ్లు వస్తువులు కొని అమ్ముకునే గేమ్‌లోని మార్కెట్) 2015లో ఓటేసి మరీ పెట్టించుకున్నారు. కొత్తది ఏదైనా చేర్చాలంటే అప్పట్లో ఓటేసినవాళ్లలో 75 శాతం ఒప్పుకోవాలి. అడిగి మారిస్తే ఒప్పుకున్నవాళ్లే, అడక్కుండా మారిస్తే తిరగబడ్డారు.