భిన్నాల పాఠం: కింది అంకె ముందు పలకాలి

నాలుగో తరగతి పిల్లలను 1/3 పెద్దదా, 1/4 పెద్దదా అని అడగండి. చాలామంది 1/4 అంటారు. 'మూడు కన్నా నాలుగు ఎక్కువ గద సార్' అని కారణం కూడా చెప్తారు. అదే పిల్లలను, జొన్నరొట్టె ముగ్గురు పంచుకుంటే నీకు ఎక్కువొస్తదా, నలుగురు పంచుకుంటేనా అని అడిగితే తడుముకోకుండా 'ముగ్గురైతేనే' అంటారు. నల్లగొండ జిల్లాలో ప్రాథమిక బడి పంతులుగా ఈ రెండు జవాబులూ ఒకే నోటి నుంచి ఒకే పూట విన్నాను. పంపకం వాళ్లకు వచ్చు. గీత మీద ఒక అంకె, కింద ఒక అంకె రాసేసరికి వచ్చింది కాస్తా ఎటో పోతున్నది.

3/4ను తెలుగులో 'నాలుగింట మూడు వంతులు' అంటాం. ముందు ఎన్ని ముక్కలు చేశామో, తర్వాత ఎన్ని తీసుకున్నామో. రొట్టె తుంచే వరుస కూడా ఇదే. 'త్రీ బై ఫోర్' అనగానే ఆ వరుస తిరగబడుతుంది. పైగా 'బై' అనే మాటకు పిల్లల మనసులో ఏ బొమ్మా ఉండదు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్. తల్లిదండ్రులు కోరుకున్నదే, వద్దనను. ఈ ఒక్క పాఠం దగ్గర మాత్రం తెలుగు పేజీ ముందు తెరవాలంటాను. లవం, హారం అనే పేర్లు ఆ తర్వాత చెప్పినా కొంపలేం మునగవు.

రంగులేసే లెక్కలతో నాకు పేచీ ఉంది. నాలుగు గడుల్లో మూడింటికి రంగు వేయమంటే వేస్తారు. గడులు చిన్నా పెద్దా గీసి ఇచ్చినా అట్లాగే వేస్తారు. ఎందుకంటే వాళ్లు చేస్తున్నది గడులు లెక్కపెట్టడమే, సమానమా కాదా అని ఎవరూ చూడరు. మన నల్లగొండ బత్తాయి కూడా ఇక్కడ పనికిరాదు, తొనలు సమానంగా ఉండవు. పన్నెండు కాయల్లో మూడో వంతు ఏరమంటే అప్పుడు పనికొస్తుంది.

మా పెద్దలకు ఈ బాధ లేదు. 'చారాణ కోడికి బారాణ మసాలా' అన్న సామెతలోనే పావు, ముప్పావు రెండూ ఉన్నాయి. రూపాయికి పదహారు అణాలు, చారాణ అంటే నాలుగణాలు, బారాణ అంటే పన్నెండణాలు. 1957లో నయాపైసలు వచ్చినా మాట పోలేదు, పావలా బిళ్ల చారాణగానే నడిచింది. 2011 జూన్ 30తో అదీ చెల్లకుండా పోయింది. ఇప్పటి పిల్లలకు చారాణ ఉత్త మాట.

వాళ్ల కళ్ల ముందున్నది చాయ్ బండి. అక్కడ 'టూ బై త్రీ' అంటే రెండు చాయ్‌లు ముగ్గురికి. పుస్తకంలో ఎప్పుడూ ఒక్క వృత్తాన్నే కోస్తారు, ఇక్కడ రెండింటిని ముగ్గురికి పంచుతున్నాం. భిన్నం భాగహారం కూడా అన్న సంగతి ఇంతకన్నా తేలికగా చెప్పలేం. మొన్న తరగతిలో ముగ్గురికి మూడు ఖాళీ స్టీలు గ్లాసులు, రెండు గ్లాసుల నీళ్లు ఇచ్చాను. మొదట ఇద్దరు నిండా పోసుకుని మూడోవాడి మొహం చూశారు. తర్వాత ఇద్దరూ తలా కొంచెం వాడి గ్లాసులో ఒంపారు. మూడూ పక్కపక్కన పెట్టి, బెంచీ మీద గడ్డం ఆనించి మట్టం చూసి, చుక్కలు చుక్కలుగా సరిచేశారు. పది నిమిషాలు పట్టింది. ఎవరికెంత అంటే 'మూడింట రెండు' అన్నారు. అప్పుడు బోర్డు మీద 2/3 రాశాను.

అంకెల మధ్య పెట్టే చుక్కతో ఇంకో తిరకాసు ఉంది. పట్టాదారు పాస్‌బుక్‌లో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. పై తరగతిలో దశాంశాలు వచ్చాక అదే 2.20లో చుక్క తర్వాతిది పదింట రెండు వంతులే. ఒక పిల్లవాడు వచ్చి 'మా నాయిన రెండున్నర ఎకరాలంటడు, బుక్కుల రెండు పాయింట్ ఇరవై ఉన్నది, ఏది తప్పు సార్' అని అడిగాడు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి బోర్డు మీద ఎకరం గీసి, గుంటకొకటి చొప్పున నలభై గడులు చేశాను. సగం గడులకు సుద్ద పూస్తుండగానే వాడు లెక్కపెట్టి అన్నాడు:

'నలభైల ఇరవై... నాయిన చెప్పిందే గద సార్.'